తార్నాక రేటెంత? ఆర్ట్స్ కాలేజీ రేటెంత?



పీటీఎంకి వచ్చినప్పుడు మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది. "ఫోన్ లాగేసుకుంటాం సరే మేడమ్, ఆ తర్వాత మూడు గంటలూ వాళ్లేం చెయ్యాలి?" న్యాయమైన ప్రశ్నే. ఈ నెల దానికి మా జవాబు కొత్త వస్తువేమీ కాదు. మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఇప్పటికే పడి ఉంటుంది. మూత చిరిగిపోయి రబ్బరు బ్యాండు వేసిన పెట్టె. లోపల రంగురంగుల నోట్లు, రెండు పాచికలు, చిన్న చిన్న ప్లాస్టిక్ ఇళ్లు. బిజినెస్ ఆట. కొందరు వ్యాపారి అంటారు, కొందరు ట్రేడ్ అంటారు, ఈమధ్య కొన్నవాళ్లయితే మోనోపలీ అంటారు. పేరేదైనా పని ఒకటే: బోర్డు చుట్టూ తిరుగుతూ స్థలాలు కొనడం, మన స్థలంలో ఆగినవాళ్ల దగ్గర కిరాయి వసూలు చెయ్యడం.

మన వైకుంఠపాళిలో పిల్లలు నిర్ణయించేదేమీ ఉండదు, పాచిక ఎటు తీసుకెళ్తే అటే. పులిజూదంలో అసలు పాచికే లేదు, అంతా బుర్రే. బిజినెస్ ఈ రెండింటికీ మధ్యది. ఎక్కడ ఆగాలో పాచిక చెబుతుంది. అక్కడ కొనాలా వద్దా, ఎవరితో ఏ బేరం పెట్టుకోవాలి అన్నది మనం తేల్చుకోవాలి. పిల్లలకు గణితం చెప్పేవాళ్లకు ఈ మధ్యరకం ఆటంటే ఎందుకంత ఇష్టమో, అందులో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఒక సాయంత్రం జరిగింది చెబితే తెలుస్తుంది.

చార్టు మీద తార్నాక

దసరా సెలవుల్లో ఒక ఆదివారం తార్నాకలో మా స్నేహితురాలి ఇంట్లో కలిశాం. మేం నలుగురం ఒకప్పుడు ఉస్మానియాలో ఎమ్మెస్సీ కలిసి చదువుకున్నాం. సాయంత్రం పిల్లల్ని క్యాంపస్‌కి తీసుకెళ్లి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికొచ్చాం. మూడు కుటుంబాల పిల్లలు ఐదుగురు, ఐదో తరగతి నుంచి తొమ్మిది దాకా. పెట్టె తీస్తే నోట్లు సగం లేవు. బోర్డు మడత దగ్గర చిరిగి రెండు ముక్కలైంది. మా తరం వాళ్లకు ఇదేం లెక్క కాదు. హాస్టల్లో పాత క్యాలెండర్ వెనకాల గీసుకుని ఆడినవాళ్లమే. చార్టు పేపరు తెప్పించి, "మీరే గీయండి, కానీ ఊళ్లు ముంబై ఢిల్లీ కాదు, మన చుట్టుపక్కలవే" అన్నాం.

నలభై గడులు. మోనోపలీ పెట్టెలోని లెక్కలే తీసుకున్నాం, డాలర్ల బదులు రూపాయలు రాసుకున్నాం. ఒక్కొక్కరికి మొదట 1500, చుట్టు తిరిగి వస్తే 200 జీతం. ఆ ఆటలో నాలుగు రైలు గడులుంటాయి. మనకు వాటి కోసం వెతుక్కోవాల్సిన పనే లేదు. సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వెళ్లే ఎంఎంటీఎస్ దారిలో సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్, వరసగా నాలుగు స్టేషన్లు ఉన్నాయి. జైలు మూలకు ఐదో తరగతి పిల్లవాడు క్షణం ఆలోచించకుండా "చంచల్‌గూడ" అని రాసేశాడు. వాడికి ఆ పేరు ఎక్కడ తెలిసిందో వాళ్ల నాన్నే ఆశ్చర్యపోయాడు.

అసలు గొడవ ధరల దగ్గర మొదలైంది. అన్నిటికన్నా ఖరీదైన గడి తార్నాకా, హబ్సిగూడా? "తార్నాకే, మెట్రో ఉంది" అని ఒకరు. "హబ్సిగూడకి కూడా ఉంది" అని ఇంకొకరు. "తార్నాక పక్కనే యూనివర్సిటీ ఉంది." "ఉంటే ఏం, హబ్సిగూడలో షాపులెక్కువ." ఆరో తరగతి పాప ఒకతె లాలాపేటలో ఉంటుంది. "మా లాలాపేటని రెండో గడిలో ఎందుకు పెట్టారు, అరవై రూపాయలేనా?" అని అడిగింది. దానికి ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. గీసినవాళ్లు ఎవరూ అక్కడ ఉండరు కాబట్టి, అంతే. ఆ వీధుల్లో పెద్దవాళ్లు చెప్పే కథ కూడా అప్పుడే బయటికొచ్చింది. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చోటు, ముళ్లతీగ కట్టిన నాకా ఒకటి ఉండేది కాబట్టి తార్నాక అయిందని. నాకా దగ్గర ఊరి బయట ఉన్నట్టున్న చోటు ఇప్పుడు బోర్డు మీద నాలుగొందల రూపాయల గడి.

తర్వాతి ప్రశ్న మేం ఊహించనిది. ఎనిమిదో తరగతి అబ్బాయి "ఆర్ట్స్ కాలేజీ బిల్డింగుకి వెయ్యి పెడదాం, అదే టాప్" అన్నాడు. గంట క్రితం ఆ మెట్ల మీదే కూర్చుని వచ్చాడు కదా. వాళ్ల అక్క, తొమ్మిదో తరగతి, "దాన్ని ఎవరు కొంటార్రా? ఎవరు అమ్ముతారు?" అంది. అప్పుడు మేం చెప్పాం: 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఈ విశ్వవిద్యాలయం పెట్టించాడు. మొదట్లో తరగతులు నగరంలో వేరే భవనాల్లో జరిగేవి. మీరు చూసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. పొద్దున్నే నడకకు వచ్చే తార్నాక, మాణికేశ్వర్‌నగర్, విద్యానగర్ జనం ఎంతోమంది ఉన్నారు. మీరు ఇందాక అక్కడ కూర్చున్నందుకు ఎవరికీ కిరాయి కట్టలేదు. పిల్లలు కాసేపు గుసగుసలాడుకుని, నాలుగు మూలల్లో ఒకదాన్ని క్యాంపస్ చేశారు. అక్కడ ఆగితే ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, ఎవరూ కొనకూడదు. ఆ నిర్ణయం ఎంత దూరం వెళ్తుందో అప్పటికి మాకూ తెలియదు.

విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్

ఇక్కడ కొంచెం లెక్కలోకి వెళ్దాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లిదండ్రులు ఈ భాగాన్ని పిల్లలతో కలిసి చదవండి.

రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. మొత్తం ఏడు రావడానికి ఆరు దారులున్నాయి. ఆరుకి ఐదు, ఎనిమిదికి ఐదు, తొమ్మిదికి నాలుగు. రెండుకీ, పన్నెండుకీ ఒక్కొక్కటే. పిల్లలు దీన్ని పుస్తకంలో పట్టికగా చూస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, మర్చిపోతారు. ఆటలో మర్చిపోరు. ఎందుకంటే జైలు గడి నుంచి ఆరో, ఎనిమిదో, తొమ్మిదో గడుల్లో ఉన్నవి ఒకే రంగు స్థలాలు. మోనోపలీలో నారింజరంగువి, మా చార్టులో విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్. ఆటలో అందరూ తరచూ వెళ్లే చోటు జైలే. జైలుకి పంపే మూల ఉంది, పంపే కార్డులున్నాయి, వరసగా మూడుసార్లు జంట పడినా జైలే. బయటికొచ్చిన మనిషి తర్వాతి వేటులో ఈ మూడింట్లో ఒకదాని మీద పడే అవకాశం 36లో 5, 5, 4 కలిపి 14. అంటే దాదాపు 39 శాతం. తార్నాక నాలుగొందలు పెట్టి కొన్నవాడి కన్నా, విద్యానగర్ 180కి కొన్నవాడి దగ్గరికే చుట్టాలు ఎక్కువగా వస్తారు.

ఇంకొకటి. ఆ స్థలాల్లో ఒకదాని పత్రం మీద కిరాయిలు ఇలా ఉంటాయి. ఖాళీ స్థలానికి 14, మూడు స్థలాలూ ఒకరివే అయితే దానికి రెట్టింపు, 28. ఒక ఇల్లు కడితే 70, రెండు కడితే 200, మూడుకి 550, నాలుగుకి 750, హోటల్‌కి 950. ప్రతి ఇంటికీ పెట్టే ఖర్చు ఒకటే, వంద. ఇప్పుడు పెరుగుదల చూడండి: 42, 130, 350, 200, 200. మూడో ఇంటి దగ్గర ఒక్కసారిగా లేస్తుంది, ఆ తర్వాత తగ్గుతుంది. చేతిలో కొంచెం డబ్బే ఉన్నప్పుడు ఒక చోట హోటల్ కట్టడం కన్నా మూడు చోట్లా మూడేసి ఇళ్లు కట్టడమే లాభమని మా ఎనిమిదో తరగతి అబ్బాయి కాగితం మీద గ్రాఫ్ గీసి తేల్చాడు. స్కూల్లో గ్రాఫ్ పేపరు ఇస్తే స్కేలు మర్చిపోయే పిల్లవాడు వాడు! మీ ఇంటి పెట్టెలో అంకెలు వేరుగా ఉండొచ్చు. ఫరవాలేదు, అదే పని మీ అంకెలతో చేయించండి. జంప్ ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి, మీరు చెప్పొద్దు.

వాడికి ఆ మూడు స్థలాలు ఎలా వచ్చాయన్నది ఇంకా మంచి పాఠం. విద్యానగర్, అడిక్‌మెట్ వాడివి. నల్లకుంట లాలాపేట పాపది. ఆమెకి ఒక స్టేషన్ ఉంది. వాడి దగ్గర రెండు ఉన్నాయి. "రెండు స్టేషన్లూ ఇస్తా, పైన వంద రూపాయలిస్తా, నల్లకుంట ఇయ్యి" అన్నాడు. ఆమె లెక్క వేసుకుంది. ఒక స్టేషన్ ఉంటే కిరాయి 25, మూడుంటే 100. నల్లకుంట 14 తెచ్చేది. ఇస్తే తప్పేముంది? ఇచ్చేసింది. ఆమె లెక్కలో తప్పు లేదు, కానీ సగమే వేసింది. నల్లకుంట ఆమె చేతిలో 14 రూపాయల స్థలం, వాడి చేతిలోకి వెళ్లగానే 550 రూపాయల స్థలం. బేరంలో మన వస్తువు మనకెంత అని మాత్రమే కాదు, అవతలివాళ్లకెంత అని కూడా చూడాలి. ధర ఆ రెండింటి మధ్య ఎక్కడో తెగుతుంది. ఇది ఏ సిలబస్‌లోనూ విడిగా ఉండదు. కూరగాయల బండి దగ్గర మీరు రోజూ చేసేది ఇదే.

"నీకు అలవాటే కదా"

తర్వాత జరిగింది చెప్పడానికే అసలు ఈ వ్యాసం.

వాడు ఇళ్లు కట్టాడు. పాప రెండుసార్లు జైలుకెళ్లింది, బయటికొచ్చిన రెండుసార్లూ తిన్నగా వాడి స్థలాల మీదే పడింది. ఒకసారి 550, ఇంకోసారి 600. స్టేషన్లు తాకట్టు పెట్టింది. విడిపించుకోవాలంటే పది శాతం వడ్డీతో కట్టాలి. ఆ డబ్బు రాకముందే మూడోసారి నల్లకుంటలో ఆగింది. తను ఇచ్చిన నల్లకుంటే. మా స్నేహితుల్లో ఒకాయనకి మనసు ఊరుకోలేదు. బోర్డు కింది నుంచి ఒక ఐదువందల నోటు ఆమె వైపు జరిపాడు. ఆమె చూసింది, వెనక్కి జరిపేసింది. అబ్బాయి మాత్రం గెలుపు ఊపులో ఉన్నాడు. గొంతు పెరిగింది, పాచికలు టేబుల్‌కి కొట్టి వేస్తున్నాడు, మిక్చర్ గిన్నె ఎప్పుడో వాడి ముందుకొచ్చింది. నవ్వుతూనే అన్నాడు: "మీది ఎట్లాగూ కిరాయి ఇల్లే కదా, నీకు అలవాటే."

గదిలో మాటలు ఆగిపోయాయి. వాళ్లమ్మ ముఖం ఎర్రబడింది. ఈ మాట వాడు కనిపెట్టింది కాదు. మనం భోజనాల దగ్గర, కార్లో, ఫోన్లో మాట్లాడుకునేవి వాళ్లు వింటూనే ఉంటారు. "వాళ్లింకా కిరాయిలోనే ఉన్నారట", "మనం అప్పుడు ఆ ప్లాటు తీసుకోవాల్సింది", "ఉప్పల్ సైడు ఎంత పెరిగిందో చూశావా". మనకవి ఊసుపోని కబుర్లు. వాళ్లకు అవి మనుషుల్ని కొలిచే స్కేలు.

పాప కొంచెం సేపు నోట్లు సర్దింది. తర్వాత తలెత్తి, "అవునన్నా, కిరాయే. కానీ మా ఓనర్ అంకుల్ ఏడాదికొక్కసారే పెంచుతడు. నువ్వైతే ఐదు నిమిషాలకొకసారి పెంచుతున్నవ్" అంది.

అందరం ఒక్కసారిగా నవ్వాం. అబ్బాయి కూడా నవ్వబోయి ఆగిపోయాడు. వాళ్లమ్మ తిట్టబోతుంటే నేను ఆపాను, తిడితే అక్కడితో మాట అయిపోతుంది కాబట్టి. బదులుగా ఒక్క ప్రశ్న అడిగాను: "నువ్వు ఎట్లా గెలిచావో వరసగా చెప్పు." వాడు చెప్పాడు. గ్రాఫ్ గీశాను, ముందే కొన్నాను, బేరం చేశాను, సరిగ్గా మూడేసి ఇళ్లు కట్టాను. అన్నీ నిజమే. "మరి పాచికలో?" వాడి అక్క గుర్తు చేసింది. మొదటి చుట్టులోనే విద్యానగర్ మీద, ఆ వెంటనే అడిక్‌మెట్ మీద పడ్డది వాడి తెలివి కాదని.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పాల్ పిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఇదే చూశాడు. ఇద్దరిద్దరిని మోనోపలీకి కూర్చోబెట్టి, నాణెం ఎగరేసి ఒకరిని ధనవంతుణ్ణి చేశాడు. వాళ్లకు మొదట రెట్టింపు డబ్బు, రెట్టింపు జీతం, రెండు పాచికలు. అవతలివాళ్లకు ఒకే పాచిక. మోసం ఇద్దరి కళ్లెదుటే జరిగింది. అయినా కాసేపటికి ధనవంతుడి గొంతు పెరిగింది, బొమ్మను బోర్డు మీద టకటకా కొడుతూ జరిపాడు, పక్కన పెట్టిన తినుబండారాలు వాళ్లే ఎక్కువ తిన్నారు. ఆట అయ్యాక ఎలా గెలిచారని అడిగితే నాణెం సంగతి కాకుండా తమ ఎత్తుల గురించి చెప్పుకొచ్చారు. మిక్చర్ గిన్నె వైపు చూపించాం. అబ్బాయి దాన్ని నెమ్మదిగా మధ్యకు జరిపాడు.

ఆట పుట్టినప్పుడు

ఇలా జరుగుతుందని ఈ ఆటను మొదట తయారుచేసినామెకు తెలుసు. నిజానికి ఇది చూపించడానికే ఆమె దాన్ని తయారుచేసింది.

ఎలిజబెత్ మేగీ అమెరికాలో స్టెనోగ్రాఫర్. హెన్రీ జార్జ్ అనే ఆలోచనాపరుడు 1879లో రాసిన ప్రోగ్రెస్ అండ్ పావర్టీ పుస్తకం ఆమెను బాగా పట్టింది. ఆయన మాట క్లుప్తంగా ఇది: ఒక స్థలం ధర పెరిగేది యజమాని చేసిన పనివల్ల కాదు, చుట్టూ జనం రావడంవల్ల, రోడ్డు పడడంవల్ల, స్టేషన్ కట్టడంవల్ల. కాబట్టి ఆ పెరుగుదలలో వాటా అందరిదీ. మా పిల్లలు తార్నాక ధర గురించి కొట్లాడుకున్నది గుర్తుందా? మెట్రో ఉంది, యూనివర్సిటీ ఉంది అన్నారు. 2017లో మెట్రో వచ్చింది. అది కట్టింది అక్కడి స్థలం ఓనర్లు కాదు.

మేగీ ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పకుండా బోర్డు మీద గీసి, 1904లో ది లాండ్‌లార్డ్స్ గేమ్ పేరుతో పేటెంట్ తీసుకుంది. బోర్డు మూలల్లో ఒకచోట ప్రజల పార్కు ఉంది. అది విన్నప్పుడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి చార్టు మీద క్యాంపస్ మూలను చూసి, "మేం అదే పెట్టాం కదా ఆంటీ!" అంది. ఆ ఆటకు మేగీ రెండు రకాల నియమాలు రాసింది. ఒకదాంట్లో ఒక్కడు అందరినీ దివాలా తీయిస్తాడు. రెండోదాంట్లో స్థలం కిరాయి ఉమ్మడి ఖజానాకు వెళ్తుంది, అందరికన్నా తక్కువ ఉన్నవాళ్ల సొమ్ము రెట్టింపైతే ఆట ముగుస్తుంది. రెండూ ఆడితే జనానికి తేడా అర్థమవుతుందని ఆమె ఆశ. లోకం మొదటిదే ఉంచుకుంది.

మధ్యలో జరిగింది మాలాంటివాళ్లకు ఇష్టమైన కథ. ఆ ఆట చాలా ఏళ్లు దుకాణాల్లో కన్నా క్యాంపస్‌లలో, స్నేహితుల ఇళ్లలో ఎక్కువగా బతికింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వార్టన్ స్కూల్లో స్కాట్ నియరింగ్ అనే ఆర్థికశాస్త్రం మాస్టారు విద్యార్థులతో ఆడించాడు. వాళ్లు బోర్డులు చేత్తో గీసుకున్నారు, ఎవరి ఊరి వీధుల పేర్లు వాళ్లు రాసుకున్నారు. అట్లాంటిక్ సిటీ స్నేహితులు గీసుకున్న బోర్డు చివరికి చార్లెస్ డారో అనే నిరుద్యోగి చేతికొచ్చింది. ఆయన దాన్ని తనదిగా అమ్మాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీగా తెచ్చింది. అదే ఏడాది మేగీ పేటెంటును 500 డాలర్లకు కొనేసింది. అమ్మకాల్లో ఆమెకు వాటా లేదు. డారో కాపీ కొట్టాడని చెప్పే ఆనవాలు బోర్డు మీదే ఉంది. అట్లాంటిక్ సిటీ దగ్గరున్న మార్వెన్ గార్డెన్స్ పేరు స్నేహితుల బోర్డు మీద మార్విన్ అని తప్పుగా పడింది, డారో బోర్డు మీదా ఆ తప్పు అలాగే దిగింది. పరీక్షల్లో కాపీ మేం పట్టుకునేదీ అలాగే. ఒప్పులు ఎవరికైనా ఒకేలా ఉంటాయి, తప్పులు ఒకేలా ఉంటేనే అనుమానం. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ యాంటీ మోనోపలీ అనే ఆట తెస్తే కంపెనీతో కోర్టు గొడవైంది. ఏళ్ల తరబడి సాగిన ఆ కేసులోనే మేగీ పేరు మళ్లీ వెలుగులోకొచ్చింది.

రెండో ఆట

సరే, రెండోది కూడా ఆడదామన్నారు పిల్లలు. అప్పటికే రాత్రి ఎనిమిదిన్నర. వీలుకొద్దీ సులభం చేసుకున్నాం. ఒక్కొక్కరికి 500. ఖాళీ స్థలం కిరాయి ఉమ్మడి డబ్బాలోకి. ఇల్లు కట్టినందుకు వచ్చే అదనం కట్టినవాళ్లకే. డబ్బా నిండేకొద్దీ ఒక్కో స్టేషన్ అందరికీ ఉచితం, ఆ తర్వాత జీతం పెంపు. అందరికన్నా వెనకున్నవాళ్ల దగ్గర వెయ్యి అయితే ఆట పూర్తి. నలభై నిమిషాల్లో అయిపోయింది.

అందరికీ నచ్చిందా? లేదు. ఎనిమిదో తరగతి అబ్బాయి "ఇందులో మజా లేదు" అన్నాడు, నిజాయితీగానే. ఐదో తరగతి వాడికి ఉచిత రైలు నచ్చింది. ఎక్కడ ఆగినా స్టేషన్‌లోనే ఆగాలని ప్రార్థన. తొమ్మిదో తరగతి అమ్మాయి "ఇల్లు కట్టినవాడిదే లాభం కాబట్టి స్థలం ఊరికే పట్టుకుని కూర్చునేవాడు ఎవరూ లేడు, గమనించారా?" అంది. అది గమనించింది ఆమె ఒక్కతే, పెద్దవాళ్లతో సహా. లాలాపేట పాప మాత్రం రెండో ఆటలోనూ గెలుపు లెక్కే వేసింది. చివరికి అందరికన్నా ఎక్కువ డబ్బు ఆమె దగ్గరే ఉంది, ఆ సంగతి అందరికీ రెండుసార్లు చెప్పింది. భోజనాల దగ్గర ఏ ఆట న్యాయమో, ఏ ఆట బాగుందో, ఈ రెండూ ఒకటేనా అని పిల్లలు వాదించుకున్నారు. మేం తీర్పు చెప్పలేదు. చెప్పగలిగే స్థితిలో కూడా లేమేమో. మాలో ఇద్దరికి ఫ్లాట్ల ఈఎంఐలున్నాయి, ఒకరు కిరాయిలో ఉన్నారు, ఒకరు కిరాయి తీసుకుంటున్నారు.

మీ ఇంట్లో కూర్చునే ముందు

ఈ ఆట విసుగు, మూడు గంటలైనా తెగదు అంటారు. చాలా ఇళ్లలో అది ఆట తప్పు కాదు, మనం కలిపిన నియమాల తప్పు. జరిమానాలన్నీ మధ్యలో పోగేసి, ఖాళీ మూలలో ఆగినవాళ్లకు ఇవ్వడం అసలు నియమం కాదు. దానివల్ల ఓడిపోవాల్సినవాళ్లు ఓడరు, గెలవాల్సినవాళ్లు గెలవరు. ఒకరు స్థలం వద్దంటే దాన్ని వెంటనే వేలం వెయ్యాలన్నది అసలు నియమం. దాన్నే అందరం వదిలేస్తాం. వేలం పెట్టి చూడండి, ఆట సగం టైంలో తెగుతుంది. పిల్లలకు ఎక్కడ ఆగాలో తెలిసేది కూడా వేలంలోనే. ఆటగాళ్లు ఒకరికొకరు అప్పు ఇచ్చుకోకూడదు. అప్పు బ్యాంకు దగ్గరే, అదీ తాకట్టు మీదే. పెద్దవాళ్లు బోర్డు కింద నుంచి జరిపే ఐదువందల నోటు కూడా ఇందులోకే వస్తుంది. ఫోన్లో గంటన్నరకు అలారం పెట్టి, మోగగానే లెక్క చూసేయండి.

బ్యాంకు ఎవరికివ్వాలి? లెక్కల్లో ముందున్న పిల్లలకు ఇస్తాం, పని తొందరగా అవుతుందని. మా సలహా వేరు. నాలుగు, ఐదు తరగతుల్లో తీసివేతలు తడబడే పిల్లలుంటే వాళ్లకే ఇవ్వండి. చిల్లర ఇచ్చేటప్పుడు పక్కవాళ్లెవరూ నోరెత్తకూడదని ముందే చెప్పండి. 500 తీసుకుని 180 పోగా ఎంతివ్వాలో నోట్లతో తేల్చుకున్న పిల్లలకి నోటుబుక్కులో అప్పు తెచ్చుకోవడం మళ్లీ చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. ఆరు, ఏడు తరగతుల వాళ్లకు తాకట్టు వడ్డీ అప్పగించండి. రెండో తరగతి లోపు పిల్లలకు మాత్రం ఇంకా తొందర. వాళ్లు వైకుంఠపాళే ఆడనివ్వండి, దివాలా ఏడుపు వాళ్లకు పాఠం కాదు, ఏడుపే.

ఓడిపోయినవాళ్లు లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. గెలిచినవాళ్లను మాత్రం లేవనివ్వొద్దు. ఎలా గెలిచావో చెప్పమని అడగండి, అందులో పాచిక వంతు ఎంతో కూడా చెప్పమనండి.

తార్నాక చార్టు ఇప్పుడు లాలాపేట పాప దగ్గరుంది. వెళ్లేటప్పుడు చుట్టి, రబ్బరు బ్యాండు వేసుకుని తీసుకెళ్లింది. రెండో గడిలో అరవై కొట్టేసి 220 రాసిందని, ఇంకా బేరాలు నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. మీ పిల్లలు మీ వీధులతో బోర్డు గీస్తే ఫోటో తీసి క్లాస్ టీచర్‌కి పంపండి. ఒక్క షరతు: నాలుగు మూలల్లో ఒకటి అమ్మకానికి లేనిది అయ్యుండాలి. అది ఏదో పిల్లలే తేల్చాలి.